కారులో ఎర్తు తీగ: కొలతయే ప్రమాణము

మన ఇండ్లలోని ఎర్తు తీగ నిజముగా భూమిలోనికి పోవును. కారు రబ్బరు టైర్లపై నిలుచును గనుక దానికి భూమితో సంబంధము లేదు. అయినను బ్యాటరీ ఋణ ధ్రువమును ఇనుప బాడీకి కలిపి, ఆ బాడీనే విద్యుత్తు తిరిగివచ్చు మార్గముగా వాడుచున్నాము. దానికే ఎర్తు అని పేరు. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును గనుక దానికి వేరుగా ఒక లావైన తీగ అవసరము.

ఈ తీగ కొసలు తుప్పు పట్టినచో ఏమగునో 1827లో ఓమ్ ప్రకటించిన నియమమే చెప్పును. స్టార్టరు మోటారు 150 ఆంపియర్లు తీసికొనుననుకొందము. అతుకులో నిరోధము 0.01 ఓమ్ మాత్రమే అయినను 1.5 వోల్టులు అచ్చటనే నష్టమగును. అనగా 12 వోల్టులలో ఎనిమిదవ వంతు! 225 వాట్లు వ్యర్థముగా వేడి యగును. మోటారు మూలుగును, మనము బ్యాటరీని నిందింతుము.

అదనపు ఎర్తు తీగల కిట్లు బజారులో లభించుచున్నవి. అవి ఇంజను శక్తిని పెంచునని కొందరందురు. తీగ శక్తిని పుట్టింపదు. నష్టమును మాత్రమే తగ్గించును. నష్టమే లేనిచోట తగ్గించుటకేమున్నది? కావున ముందు కొలవవలెను. స్టార్టరు తిరుగుచుండగా బ్యాటరీ ఋణ ధ్రువమునకు, ఇంజను లోహమునకు నడుమ వోల్టుమీటరు సుమారు అర వోల్టు కంటె ఎక్కువ చూపినచో లోపమున్నట్లే. అప్పుడు బ్యాటరీ ఋణ తీగను విప్పి, అతుకులను లోహము మెరయువరకు గీకి, గట్టిగా బిగింపవలెను. అప్పటికిని నష్టము తగ్గనిచో కొత్త తీగ చేర్చుట సమంజసము.

విద్యార్థులారా! విన్నమాటను కొలతతో పరీక్షించుటయే ప్రయోగశాల మనకు నేర్పు విద్య.