సరుకు ఇచ్చాం, డబ్బు రాలేదు: చట్టం చూపే దారి

మార్కాపురం అనగానే పలక గుర్తుకొస్తుంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతిపలకకు గిరాకీ తగ్గినా, రాయిని నమ్ముకొని బతికే చిన్న యూనిట్లు ఇంకా ఉన్నాయి. గిద్దలూరు, కంభం వైపు దర్జీలు, వెల్డింగ్ షాపులవారు, మెకానిక్కులు ఉన్నారు. ప్రభుత్వ సాయం అంటే వీరిలో చాలామందికి బ్యాంకు అప్పే గుర్తుకొస్తుంది. వడ్డీకి జంకి కొందరు అటువైపే చూడరు. అయితే అప్పుతో పని లేని సాయం కూడా ఒకటుంది. అది మనకు రావలసిన డబ్బును సకాలంలో రాబట్టే హక్కు.

ఆ హక్కు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టంలో ఉంది. అందులోని ముఖ్యాంశాలు ఇవి:

1. సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు లేదా సేవ పొందినవారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు.

2. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా చెల్లించాలి.

3. ఇవ్వకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా దరఖాస్తు పెట్టవచ్చు. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వం ద్వారా తీర్పు వస్తుంది. ఆ తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి.

ఒక లెక్క చూద్దాం. ఒక పలకల యూనిట్ రూ.80,000 సరుకు పంపింది అనుకుందాం. కాగితం మీద 90 రోజుల గడువు రాయించుకున్నా, చట్టం ప్రకారం 45 రోజులే చెల్లుతుంది. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే మూడు రెట్లు 18 శాతం, అంటే నెలకు ఒకటిన్నర శాతం. మొదటి నెల ఆలస్యానికే రూ.1,200 అవుతుంది. వడ్డీ పుచ్చుకోవడం ఇష్టం లేనివారు అసలు మాత్రమే కోరవచ్చు.

ఈ హక్కుకు ఆధారం కాగితాలు. మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న దీనికి ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. సరుకు పంపకముందే నమోదు చేసుకోవడం క్షేమం. తరువాత నమోదైతే పాత బాకీలకు చట్టం వర్తిస్తుందా అన్నది కోర్టుల్లో వివాదమైంది. రెండోది బిల్లు. మూడోది సరుకు అందినట్లు తేదీతో సంతకం. అప్పు లావాదేవీ రాసి పెట్టుకోవాలన్నది మనకు కొత్త మాట కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దాని గురించే.

ఒక లోటు కూడా తెలుసుకోవాలి. కొని అమ్మే దుకాణదారులకు 2021 జులైలో ఉద్యమ్‌లో చోటిచ్చారు గాని, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం. బాకీల రక్షణ వారికి లేదు. కిరాణా కొట్టుకూ బట్టల కొట్టుకూ ఈ రక్షణ కావాలంటే కేంద్రాన్ని అడగాలి. మన పార్లమెంటు సభ్యునికి వినతిపత్రం ఇవ్వడం అందుకు మొదటి మెట్టు. ఇక రాష్ట్ర కౌన్సిల్‌లో చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధులకు చట్టమే స్థానం కల్పించింది. సంఘంగా ఏర్పడితేనే ఆ స్థానం గురించి అడగగలం.

చదువుకున్న మన పిల్లలు వారానికి ఒక పూట కూర్చుని, పెద్దల చేత ఉద్యమ్ నమోదు చేయించి, బిల్లు రాయడం నేర్పితే అది కూడా మంచి ఖిద్మత్. కష్టపడి పంపిన సరుకుకు డబ్బు అడగడం యాచన కాదు, హక్కు.