ఇంధన మార్గం – లోప నిర్ధారణ

పాత డీజిల్ పికప్ వాహనం టమాటాలతో మదనపల్లె మార్కెట్టుకు పోతూ నడిదారిలో ఆగిపోతే రైతు కష్టఫలం ఎండపాలవుతుంది. అట్టి వేళ తొందరపడి విడిభాగాలను మార్చడం కంటె, ఇంధనం ప్రవహించే మార్గం వెంబడే లోపాన్ని వెదకడం మేలు.

ముందుగా ట్యాంకులోని డీజిల్‌ను చూడాలి; పాత వాహనంలో ముల్లు చూపే కొలతను నమ్మరాదు. పిదప గొట్టాలను పరీక్షించాలి. బీటలు వారిన చోట గాలి చొరబడుతుంది. గాలి ఒత్తిడికి కుదించుకుపోతుంది. కనుక గాలి చేరిన పంపు ఇంజెక్టరును తెరిచేంత పీడనాన్ని కలిగించజాలదు. దీనినే ‘ఎయిర్ లాక్’ అంటారు.

ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసివేసి, పైనున్న మరను వదులు చేసి, చేతిపంపును నొక్కాలి. బుడగలు ఆగి డీజిల్ మాత్రమే వెలువడినప్పుడు మరను బిగించాలి. ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు గొట్టాలను చేతితో తడవరాదు. చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు.