కిట్‌లో నెగెటివ్ వచ్చింది, నమ్మొచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. రెండు వారాల కింద కండోమ్ లేకుండా కలిశాను. ఇంట్లో ఓరాక్విక్ కిట్‌తో చూసుకుంటే హెచ్.ఐ.వి. నెగెటివ్ అని వచ్చింది. ఇక భయం లేదా డాక్టరు గారూ?

జవాబు: పరీక్ష చేసుకోవడం మంచి పనే, కానీ తొందరపడ్డారు. చిగుళ్లను తుడిచి చూసే ఈ కిట్ వైరస్‌ను కాదు, దానికి వ్యతిరేకంగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టుకుంటుంది. అవి తేలడానికి కొందరికి 90 రోజులు పడుతుంది. అంతదాకా ఆగకుండా, 45 రోజులు నిండగానే ల్యాబ్‌లో రక్తనాళం నుంచి రక్తం తీసి చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. ఈలోగా జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వస్తే వెంటనే వెళ్లి ఆర్.ఎన్.ఎ. పరీక్ష అడగండి. అప్పటిదాకా కండోమ్ మానొద్దు. మరోసారి ఇలా జరిగితే 72 గంటల్లోపే ఆసుపత్రికి వెళ్లండి. 28 రోజుల మందులతో వైరస్‌ను చాలావరకు అడ్డుకోవచ్చు.