వ్యాయామ రంగంలో డిగ్రీ మేలా? సర్టిఫికెట్ మేలా?



పోయిన వార్షికోత్సవానికి హాస్టలుకు వచ్చినప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి ఒక కరపత్రం చూపించాడు. మూడు నెలల్లో జిమ్ ట్రైనర్ సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అని ఉంది. "అన్నా, డిగ్రీ మూడేళ్ళు, ఆ పైన బీపీఎడ్ రెండేళ్ళు. ఐదేళ్ళు చదివే బదులు ఇది మంచిది కదా?" అని అడిగాడు. వాళ్ళ అమ్మానాన్నలు మాచర్ల వైపు మిరప కోతలకు కూలికి వెళ్తారు. బస్సుకు టైమైందని ఆ రోజు సగం సమాధానమే చెప్పి వెళ్ళిపోయాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను ఈ హాస్టల్లోనే ఉండి నరసరావుపేటలో డిగ్రీ చదివాను. తర్వాత బీపీఎడ్ చేసి ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పని చేస్తున్నాను. నా రూమ్మేటు ఇంటర్ కాగానే హైదరాబాదు వెళ్ళాడు. వాళ్ళమ్మ కమ్మలు తాకట్టు పెట్టి ఒక అకాడమీకి ఫీజు కట్టాడు. చేతికి రంగు రంగుల సర్టిఫికెట్ వచ్చింది గానీ, ఏ జిమ్ముకు వెళ్ళినా "దీనికి ఎవరి గుర్తింపు ఉంది?" అని అడిగారు. చివరికి ఒకచోట మెషిన్లు తుడిచే పనిలో చేరి, చూసి చూసి పని నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు గుర్తింపు ఉన్న పరీక్ష రాసి పాసయ్యాడు. ఇవాళ కొన్ని నెలల్లో నాకంటే ఎక్కువే సంపాదిస్తున్నాడు. కానీ 2020లో కరోనాకు జిమ్ములన్నీ మూతపడినప్పుడు వాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. డిగ్రీ లేదు కాబట్టి వేరే ఏ పరీక్షకూ అప్లై చేసుకోలేకపోయాడు. అందుకే నా సలహా డిగ్రీ వైపే మొగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నాను.

అసలు ఈ రెండూ వేరు వేరు తలుపుల తాళాలు. బడిలో ఉద్యోగం కావాలంటే సర్టిఫికెట్ ఎంత గొప్పదైనా పనికిరాదు. ఇంటర్ తర్వాత రెండేళ్ళ డీపీఎడ్ చేసినవారు పీఈటీ పోస్టుకు అర్హులు. డిగ్రీ తర్వాత బీపీఎడ్ చేసినవారు స్కూల్ అసిస్టెంట్ (వ్యాయామ విద్య) పోస్టుకు అర్హులు. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే అందులో పీఈటీలు 132 మాత్రమే. స్కూల్ అసిస్టెంట్లలో వ్యాయామ విద్య పోస్టులు అంతకంటే చాలా ఎక్కువ. తొందరపడి డీపీఎడ్‌తో ఆగిపోవద్దని నేను చెప్పేది ఇందుకే. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఎడ్ చేసి నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి. ఒక ఆటలో కోచ్ కావాలంటే 1961లో పాటియాలాలో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ, అంటే ఎన్.ఐ.ఎస్., ఇచ్చే డిప్లొమాకే విలువ.

జిమ్ము సంగతి వేరు. మన దేశంలో డాక్టరుకు, లాయరుకు ఉన్నట్టు జిమ్ ట్రైనరుకు లైసెన్సు చట్టమంటూ లేదు. యజమాని ఎవరిని పెట్టుకుంటే వారే ట్రైనర్. పెద్ద జిమ్ములు మాత్రం పేరున్న సర్టిఫికెట్ అడుగుతాయి. ఉదాహరణకు 1985లో మొదలైన అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ పరీక్ష రాయాలంటే 18 ఏళ్ళు నిండాలి, ఆగిన గుండెను తిరిగి కొట్టించే సీపీఆర్ శిక్షణ ఉండాలి. పాసైనా రెండేళ్ళకొకసారి కొత్త పాఠాలు చదివి పునరుద్ధరించుకోవాలి. డిగ్రీకి కాలం చెల్లదు, ఈ సర్టిఫికెట్‌కు చెల్లుతుంది. ఫీజు డాలర్లలో ఉంటుంది.

బీపీఎడ్ చేస్తే జిమ్ము పని వచ్చేస్తుందనీ అనుకోకండి. శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం, ట్రాక్ గీయడం, అంపైరింగ్ బాగా వస్తాయి. బీపీ, షుగర్ ఉన్న యాభై ఏళ్ళ మనిషి వచ్చి నిలబడితే ఆయన చేత మొదటి రోజు ఏం చేయించాలో నాకు నా రూమ్మేటే నేర్పాడు. (పౌడరు డబ్బాలు అమ్మితే కమీషన్ ఇస్తామన్నా ఒప్పుకోవద్దని కూడా వాడే చెప్పాడు.)

పూర్వం మాట ఒకటి. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మీరు విన్నారు కదా. అంతటి బలశాలి కూడా మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొందివచ్చి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా చేరారు. సర్కస్ కంపెనీ పెట్టింది ఆ తర్వాతే.

ఇక మన హాస్టలు పిల్లలకు అసలు ప్రశ్న డబ్బు. గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీకి మనకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ప్రైవేటు అకాడమీ సర్టిఫికెట్‌కు పైసా రాదు, అమ్మ కమ్మలే దిక్కు. కాబట్టి ముందు డిగ్రీలో చేరండి. చివరి సంవత్సరంలో ఊళ్ళోని జిమ్ములో సాయంత్రాలు పని చేస్తూ ఆ డబ్బుతోనే సర్టిఫికెట్ పరీక్ష రాయండి. ఇంట్లో పరిస్థితి అసలే బాగాలేక వెంటనే సంపాదించక తప్పనివారు సర్టిఫికెట్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. కానీ దూరవిద్యలోనైనా డిగ్రీకి పేరు నమోదు చేసుకుని ఉంచండి.

ఏదైనా డబ్బు కట్టే ముందు విచారించండి. బీపీఎడ్ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా, యూనివర్సిటీ యూజీసీ జాబితాలో ఉందా చూడాలి. యూజీసీ 2023లో ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు చిరునామా కూడా ఉంది! బీపీఎడ్‌కు ఏ కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుందో చేరాక కాదు, చేరకముందే వార్డెన్ గారిని అడగండి.

బీపీఎడ్ ప్రవేశానికి ఏపీ పీఈసెట్ ఉంటుంది. అందులో రాత పరీక్ష లేదు. పరుగు, షాట్‌పుట్, దూకడం, ఒక ఆటలో నైపుణ్యం, ఇవే చూస్తారు. మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడేవారికి ఇది కొంచెం ఊరట, కానీ సాధన మాత్రం ఏడాది ముందునుంచే మొదలుపెట్టాలి. నేను ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు నరసరావుపేట స్టేడియంలో ఉంటాను. షాట్‌పుట్ గుండు నా దగ్గరుంది. బూట్లు లేనివాళ్ళు కూడా రండి. ఆ కరపత్రం చూపించిన తమ్ముడు నాలుగు వారాలుగా వస్తున్నాడు, ఎనిమిది వందల మీటర్లలో నన్ను దాటిపోయాడు.