పాకలో దీపం ఆరిపోతే

దెందులూరుకు దక్షిణాన కొల్లేరు ఉంది. ఆ వైపు వెళితే దారి పక్కన చేపల చెరువులు కనిపిస్తాయి. చెరువు గట్ల మీద తాటాకు పాకలు ఉంటాయి. కాపలా కుటుంబాలు ఆ పాకల్లోనే కాపురం ఉంటాయి. కరెంటు స్తంభం దూరమైతే సోలారు పలక, ఒక బ్యాటరీ, రెండు బల్బులు పెట్టుకుంటారు.

అలాంటి పాకలో ఉండే ఒక అక్క మా కేంద్రానికి చదువుకోవడానికి వస్తుంది. ఒక రోజు దిగులుగా వచ్చింది.

"ఏంటక్కా, అలా ఉన్నారు?" అని అడిగాను.

"రెండు రోజులుగా దీపం లేదండి, టీచరుగారూ. మా ఆయన ఊళ్ళో లేడు. చీకట్లో గట్టు దిగాలంటే పాము భయం. పిల్లాడు చీకట్లోనే అన్నం తింటున్నాడు."

"బాగుచేసే మనిషిని పిలవలేదా?"

"పిలిచానండి. రేపంటాడు, ఎల్లుండంటాడు."

"రేపు పొద్దున్న నేను వస్తాను. ఇద్దరం కలిసి చూద్దాం."

"మనమా? షాకు కొట్టదాండి?"

అక్క మంచి ప్రశ్న అడిగింది. ముందు దానికే జవాబు తెలుసుకుందాం.

రెండు రకాల కరెంటు

ఇంటి కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీస్తుంది. దాన్ని మనం ముట్టుకోకూడదు.

పాకలో బ్యాటరీ 12 వోల్టులు. దాని లోపల ఆరు గదులు ఉంటాయి. ఒక్కో గది రెండు వోల్టులు. ఆరు రెళ్ళు పన్నెండు. పొడి చేత్తో ముట్టుకుంటే ఇది షాకు కొట్టదు. కాని నిప్పు పుట్టిస్తుంది. ఈ మాట మరిచిపోకూడదు.

కరెంటు నడిచే దారి

బ్యాటరీ మీద రెండు సీసం బొడిపెలు ఉంటాయి. ఒక దాని దగ్గర + గుర్తు, రెండో దాని దగ్గర − గుర్తు ఉంటుంది. లెక్కల్లో మనం నేర్చుకున్న కూడిక, తీసివేత గుర్తులే ఇవి. + దగ్గర ఎర్ర తీగ, − దగ్గర నల్ల తీగ బిగిస్తారు.

కరెంటు ఎర్ర తీగలో బయలుదేరుతుంది. బల్బుకు వెళుతుంది. నల్ల తీగలో తిరిగి వస్తుంది. మన ఊరి నుంచి ఏలూరు వెళ్ళి, మళ్ళీ మన ఊరికే వచ్చే బస్సు లాంటిది. దారి ఎక్కడ తెగినా బస్సు ఆగిపోతుంది. దీపం ఆరిందంటే దారి ఎక్కడో తెగింది. ఎక్కడ తెగిందో వెతకడమే మన పని.

ఒక్కొక్కటే చూశాం

1. బల్బు: పక్క పాకలో వెలుగుతున్న 12 వోల్టుల బల్బు తెచ్చి పెట్టాం. వెలగలేదు. అంటే లోపం బల్బు ఒక్కదానిదే కాదు.

2. సోలారు డబ్బా: పలకకూ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీ బాగా తగ్గిపోతే అదే దీపాలు ఆపేస్తుంది. చాలా డబ్బాల మీద అప్పుడు ఎర్ర దీపం కనిపిస్తుంది. అలా ఉంటే రిపేరు అక్కర్లేదు. ఎండ తగిలితే చాలు. ఇక్కడ ఎర్ర దీపం లేదు.

3. తీగలు: తీగ వెంట చేయి పోనిచ్చి చూశాం. ఎలుక కొరికిన చోటు లేదు. అతుకులు గట్టిగానే ఉన్నాయి. కదిలించినప్పుడు దీపం మినుకుమంటే అక్కడే లోపం ఉన్నట్టు.

4. ఫ్యూజు: బ్యాటరీ దగ్గర ఎర్ర తీగలో ఫ్యూజు ఉంటుంది. గాజు గొట్టంలో సన్నని తీగ. కరెంటు మితిమీరితే ఆ తీగ కరిగి, పాకను కాపాడుతుంది. మూత తీసి చూస్తే నా గుండె జల్లుమంది. ఫ్యూజు చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది!

"అది నేనే పెట్టానండి. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఎవరో చెప్పారు" అంది అక్క.

9 వాట్ల బల్బుకు ఒక ఆంపియరు కూడా అక్కర్లేదు. కాని రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది. వెండి కాగితం త్వరగా కరగదు. తీగ కాలుతుంది. పైన తాటాకు ఉంది. పక్కన పిల్లాడు పడుకుంటాడు.

అక్క ఇంకేం మాట్లాడలేదు. ఆ కాగితం పీకి పారేసింది. పాత ఫ్యూజు మీద 5 అని రాసి ఉంది. ఆ అంకె అక్కే చదివింది. అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు తెచ్చింది. మళ్ళీ మళ్ళీ ఫ్యూజు పోతుంటే ఎక్కడో తీగలు తగులుతున్నట్టు. ఫ్యూజు మార్చడం కాదు, ఆ చోటు వెతకాలి.

5. బ్యాటరీ బొడిపెలు: ఎర్ర తీగ బిగించిన చోట తెల్లని పొడి పేరుకుంది. తీగ వదులుగా ఊగుతోంది. దారి తెగింది ఇక్కడే!

అక్క గాజులు, ఉంగరం తీసేసింది. లోహపు గాజు రెండు బొడిపెలకూ తగిలితే క్షణంలో చెయ్యి కాలిపోతుంది. స్విచ్చి ఆపి, సోలారు పలకను మందపాటి దుప్పటితో కప్పాం. ముందు నల్ల తీగ, తరువాత ఎర్ర తీగ విప్పాం. బ్యాటరీ మూతలు బిగించే ఉంచాం. వంటసోడా కలిపిన నీళ్ళతో పొడి కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. ముందు ఎర్ర తీగ, చివర నల్ల తీగ బిగించి, పైన వాజిలైను రాశాం.

అక్క స్విచ్చి వేసింది. దీపం వెలిగింది.

దీపం మసకగా ఉంటే

పలక మీద దుమ్ము, కొంగల రెట్ట ఉన్నాయేమో చూడండి. పొద్దున్నే నీళ్ళతో కడగండి. పలక మీద చీరలు ఆరవేయకండి. చెట్టు నీడ పడనీయకండి. మూతలున్న బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. చెరువు నీళ్ళు, బోరు నీళ్ళు పోయకూడదు.

ట్రాక్టరు ట్రక్కుకు కూడా

ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర దీపం కూడా 12 వోల్టులదే. చాలా ట్రక్కుల్లో నల్ల తీగకు బదులు ట్రక్కు ఇనుమే కరెంటును తిరిగి తెస్తుంది. అక్కడ తుప్పు, బురద పడితే దీపం వెలగదు. గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించాలి. చీకట్లో ఆ ఎర్ర దీపం లేకపోతే వెనక వచ్చే లారీకి ట్రక్కు కనిపించదు.

జాగ్రత్తలు

- బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, బీడీ, దీపం పెట్టకండి. దాని నుంచి వచ్చే గాలి అంటుకుని పేలుతుంది.
- బ్యాటరీ యాసిడ్ కంట్లో పడితే కనీసం పావుగంట మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.
- చెరువు మోటారు, ఏరియేటరు నడిచేది పెద్ద కరెంటుతో. వాటిని ముట్టుకోకండి. తీగ తెగి నీళ్ళలో పడితే దగ్గరికి వెళ్ళకండి. 1912 కు ఫోను చేయండి.

చెప్పండి, రాయండి

1. ఫ్యూజు బదులు వెండి కాగితం ఎందుకు పెట్టకూడదు?
2. బ్యాటరీ తీగల్లో ముందు ఏది విప్పాలి? చివర ఏది బిగించాలి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక ఫ్యూజు లేదా బల్బు మీద ఉన్న అంకెను చదివి, పలక మీద రాయండి.