జాతరలో జేబు ఎందుకు ఖాళీ అవుతుంది?

గద్వాల దగ్గరి మల్దకల్ తిమ్మప్ప జాతరలో అంగళ్ళ వరుస చూడగానే మనసు ఆగదు. నోటుపుస్తకాలకని దాచుకొన్న 100 రూపాయలు రంగుల కళ్ళద్దాలకు, బొమ్మలకు అయిపోతాయి. మూడు రోజుల్లో వాటిపై మోజు తీరిపోతుంది. ఇందుకు కారణమేమిటి?

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. వుల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు ఒక సంకేతం చూపి, తరువాత పండ్లరసం ఇచ్చేవాడు. అలవాటయ్యాక, డోపమైన్ కణాలు రసం తాగినపుడు కాక, సంకేతం కనబడగానే చురుకయ్యాయి. ఈ వివరణ 1997లో వెలువడింది. వస్తువు దొరకబోతున్నదన్న ఆశే మనలనూ తొందరపెడుతుందన్నమాట. విసుగు, కోపం, స్నేహితులతో పోటీ తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

ప్రయోగం చేయండి. ఒక పుస్తకంలో అయిదు గడులు గీయండి: తేదీ, వస్తువు, ధర, కొనేముందు మనసు ఎలా ఉంది, మూడు రోజుల తరువాత ఆ వస్తువుకు 5కు ఎన్ని మార్కులు ఇస్తారు. నెల తిరిగాక, 2 లేదా అంతకు తక్కువ మార్కులు వచ్చిన వస్తువుల ధరలను కూడండి. అవి ఎక్కువగా ఏ మనఃస్థితిలో కొన్నవో చూడండి.

వారానికి 30 రూపాయలు ఇలా పోతే, 52 వారాలకు 1,560 రూపాయలు! పత్తి చేలో అది ఎన్ని రోజుల కూలి? ఇంట్లో అడిగి లెక్కకట్టండి.

విసుగే కారణమని తేలిందా? విసుగుగా ఉన్నపుడు కొనదలచినదాని పేరు పుస్తకంలో రాసి, ఒక రోజు ఆగండి. మరునాడూ కావాలనిపిస్తే అప్పుడు కొనండి.