సహజీకృత పౌరసత్వము: నివాసము, భాష, నిదర్శనము

మన పాఠశాలలో చదివిన బాలబాలికలలో పలువురు నేడు విదేశములలో నున్నారు. అచట కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట ఆ దేశపు పౌరసత్వము పొందుటయా, మానుటయా యను ప్రశ్న వారికి తప్పక యెదురగును. ఈ విషయమున తల్లిదండ్రులు తెలిసికొనదగిన ముఖ్యాంశములను క్రింద వివరించుచున్నాను.

పుట్టుకచేతను, వంశముచేతను లభించు పౌరసత్వ మొకటి. పరదేశీయుడు నిర్ణీతకాలము నివసించి, దరఖాస్తు పెట్టుకొని, ప్రభుత్వానుమతిచే పొందునది మరియొకటి. ఈ రెండవదానికే సహజీకృత పౌరసత్వమని పేరు.

మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను ఈ సీమకు తరలివచ్చిరి. మన రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చినపుడు వారి సంతతివారు దరఖాస్తులు పెట్టుకొనవలసిన పని లేకపోయెను. ఈ గడ్డపై పుట్టి యిచటనే స్థిరపడిన వారందరును పౌరులే. భారతదేశమున రాష్ట్రమునకొక పౌరసత్వము లేదు. కోయంబత్తూరు తెలుగువాడు విజయవాడవానికంటె వీసమెత్తు తక్కువ పౌరుడు కాడు. సముద్రము దాటిన వారి సంగతి వేరు.

బర్మా అనుభవము

కోస్తా జిల్లాలనుండి వేలకొలది తెలుగువారు రంగూను చేరి, రేవులలోను బియ్యపు మిల్లులలోను పనిచేసిరి. కోరంగి రేవు పేరున వారిని ‘కోరంగీ’ లనెడివారు. 1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. బ్రిటిషు రాజ్యమున పుట్టినవాడు ఆ తేదీకి గాని, 1942 జనవరి 1వ తేదీకి గాని వెనుకటి పదేండ్లలో ఎనిమిదేండ్లు అచట నివసించి, స్థిరముగా నుండగోరినచో బర్మా పౌరసత్వమును ఎన్నుకొనవచ్చునని అచటి రాజ్యాంగము చెప్పినది. అనేకు లా యవకాశమును వినియోగించుకొనక విదేశీయులుగానే మిగిలిరి. 1964లో దుకాణములు జాతీయము కాగా, వేలాదిమంది ఓడలలో చెన్నపట్టణమునకును విశాఖపట్టణమునకును తిరిగివచ్చిరి. దశాబ్దముల నివాసము వారిని కాపాడలేదు.

సింహళ అనుభవము

సింహళపు తేయాకు తోటలకు మధుర, రామనాథపురము, తిరుచిరాపల్లి ప్రాంతములనుండి వెళ్లినవారిలో అధికులు తమిళ సోదరులు. 1948 నాటి అచటి చట్టము పౌరసత్వమునకు తండ్రి తాతల జననమునకు సైతము నిదర్శనము కోరినది. 1949 నాటి మరియొక చట్టము వివాహితులకు ఏడేండ్లు, ఇతరులకు పదేండ్లు ఎడతెగని నివాసమును విధించినది. జననము నమోదు కాని తోటకూలీ ఏ పత్రము చూపగలడు? 8 లక్షలకు పైగా జనుల పక్షమున దరఖాస్తులు దాఖలు కాగా, సుమారు 1,34,000 మందికే మంజూరయినది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె గారల యొప్పందము వలన, ఏ దేశమునకును చెందని 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సింహళమును స్వీకరింప నిశ్చయమయ్యెను. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగముగా పంచుకొనిరి. తిరిగివచ్చిన వారికై ప్రభుత్వము నీలగిరులలో వేయించిన తేయాకు తోటలను కోయంబత్తూరువా రెరుగుదురు. అచటనే నిలిచిపోయి పౌరసత్వము లేక మిగిలిన వారికి 2003 నాటి శ్రీలంక చట్టముచే పౌరసత్వము లభించెను.

నేటి నియమములు

అమెరికాలో 1923 నాటి న్యాయస్థాన తీర్పు ప్రకారము భారతీయులు సహజీకృత పౌరసత్వమునకు అనర్హులు. ఆ సంవత్సరముననే అచటికి చేరిన వైద్యశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారికి, ఎంతకాలము నివసించినను, 1946లో చట్టము మారువరకు అర్హత లేకపోయెను. 1948లో వారు ఆ పౌరసత్వము లేకయే మరణించిరి. నేడు అచట గ్రీన్ కార్డు పొందిన పిమ్మట సాధారణముగా ఐదేండ్ల నివాసము, ఆంగ్లభాషా పరిజ్ఞానము, పౌరశాస్త్ర పరీక్ష అవసరము. విద్యార్థి వీసాపైనను ఉద్యోగ వీసాపైనను గడచిన యేండ్లు లెక్కకు రావు. కెనడాలో వెనుకటి ఐదేండ్లలో 1,095 దినములు నివసించియుండవలెను. మలేషియాలో పండ్రెండేండ్లలో పదేండ్ల నివాసమును, మలయు భాషాజ్ఞానమును కోరుదురు.

మన దేశపు 1955 నాటి చట్టము ప్రకారము, పరదేశీయుడు సాధారణముగా దరఖాస్తుకు ముందు పండ్రెండు నెలలు ఎడతెగకయు, దానికి వెనుకటి పదునాలుగేండ్లలో మొత్తము పదునొకండేండ్లును ఇచట నివసించియుండవలెను. సత్ప్రవర్తన కలిగియుండవలెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యొక భాష తగినంత తెలిసియుండవలెను. ఆ భాష హిందీయే కానక్కరలేదు. అందలి 22 భాషలలో తెలుగును ఒకటి. మన పాఠశాలలో బోధించు భాష భారత పౌరసత్వమునకు చాలినంత యర్హత యని చట్టమే యంగీకరించినదన్నమాట.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

1. స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వము స్వీకరించిన క్షణముననే భారత పౌరసత్వము పోవును. పాత పాస్‌పోర్టును అప్పగింపవలెను. గ్రీన్ కార్డు మాత్రము పొందినవాడు భారత పౌరుడుగనే యుండును.

2. అన్యదేశ పౌరులైన మనవారికి 2005 నుండి లభించుచున్న ఓ.సి.ఐ. కార్డు వీసా శ్రమను తప్పించును. ఓటు హక్కు నీయదు. దానితో వ్యవసాయభూమి కొనరాదు. కుటుంబమునకు పొలమున్నచో ఈ సంగతి ముందే చర్చించుకొనవలెను.

3. పేరు అన్ని పత్రములలో నొకే తీరున నుండవలెను. ఈ రాష్ట్రమున తండ్రి పేరులోని తొలి యక్షరమును వ్రాయుట వాడుక. మనకు ఇంటిపేరు కలదు. ఒకచోట ఇంటిపేరు, మరియొకచోట తండ్రి పేరు నున్నచో విదేశములలో చిక్కు వచ్చును. బడిలో చేర్చు దినముననే దీనిని సరిచూచుకొనవలెను.

4. జనన ధ్రువపత్రము, పాఠశాల బదిలీ పత్రము, తల్లిదండ్రుల వివాహ నమోదుపత్రము ఇంట భద్రపరుపవలెను. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టిన వారికి జనన తేదీ విషయమున జనన ధ్రువపత్రమే ముఖ్యాధారము.

బర్మాలో అవకాశము నెన్నుకొననివారును, సింహళమున పత్రము లేనివారును ఒకే కష్టము పాలయిరి. నివాసము ఎంత దీర్ఘమైనను, తెలిసి కోరి నిరూపించినపుడే అది హక్కగును. మన పిల్లలు ఏ దేశమునకు వెళ్లినను ఆ దేశభాషను నేర్వవలసినదే. అయితే పైన చెప్పిన దేశములలో నేదియును మాతృభాషను విడువుమని కోరదు. విడిచినచో ఆ నష్టము మనము స్వయముగా తెచ్చుకొన్నదే యగును.